డెత్ నోట్ - పేరు రాస్తే సరిపోతదా?

దసరా సెలవుల్లో మా అన్న ఫోన్‌లో ‘డెత్ నోట్’ చూశాను. 2006లో జపాన్‌లో మొదలైన బొమ్మల సీరియల్, 37 భాగాలు. లైట్ అనే అబ్బాయికి ఒక నోట్‌బుక్ దొరుకుతుంది. ముఖం తెలిసినవాళ్ళ పేరు అందులో రాస్తే చచ్చిపోతారు. మొదట నేరస్థుల పేర్లు రాస్తాడు. తర్వాత నిఘాకి వచ్చిన 12 మంది అమెరికా పోలీసుల్ని కూడా వదలడు.

లైట్‌కీ, ఎల్ అనే డిటెక్టివ్‌కీ తెలివి పోటీ చాలా బాగుంది. చిప్స్ ప్యాకెట్‌లో చిన్న టీవీ దాచి, తింటూనే పేర్లు రాసే చోటు రెండుసార్లు చూశా. కానీ 25వ భాగంలో ఎల్ చనిపోయాక కథ చప్పబడింది. మీసాని మరీ తెలివిలేని పిల్లలాగ చూపించారు, నాకు కోపమొచ్చింది.

మన గదిలో కొందరు లైట్ చేసిందే కరెక్ట్ అంటున్నారు. నేను ఒప్పుకోను. పోయిన నెల లీడర్ నా పేరు బోర్డు మీద రాసింది. నేను పక్కామెకు లెక్క చెప్తున్నా. ఎందుకు మాట్లాడావని ఎవరూ అడగలే, గంటసేపు నిలబెట్టారు. లైట్ కూడా ఎవర్నీ అడగడు.

ఇంకోటి. ఆ నోట్‌బుక్‌లో పేరు తప్పు రాస్తే పనిచేయదు. రిజిస్టర్‌లో నా పేరు ఇప్పటికీ తప్పే ఉంది. మా అమ్మకి చదవరాదు, ఆ రోజు వేలిముద్ర వేసి వచ్చేసింది.