కుండీలో ఒక్క గంజాయి మొక్క ఉన్నా పదేళ్ల దాకా జైలు.. ఇంటి పెంపకం పాఠాల్లో చెప్పని సెక్షన్ ఇదే!

గంజాయి అనగానే మన కళ్ల ముందు కనిపించేది ఏజెన్సీ కొండలు, శీలావతి రకం తోటలు, కూరగాయల లోడు కింద దాచిన మూటలు. కానీ ఇప్పుడు మొక్క కొండ దిగి గదిలోకి వచ్చేసింది. ఫోన్‌లో వెతికితే చాలు.. నీళ్ల పీహెచ్ ఎంత ఉండాలి, లైటు ఎన్ని గంటలు వెయ్యాలి, ఏ బల్బు కొనాలి అంటూ కొత్తగా పెంచేవాళ్లకు వంటల ఛానల్‌లా పాఠాలు చెప్పేస్తున్నారు. వినడానికి అంతా తోటపనిలాగే ఉంటుంది. అందులో లేనిది ఒక్కటే.. చదివేవాడు ఏ దేశంలో ఉన్నాడు అన్నది.

ఆ పాఠాలు రాసేవాళ్లలో చాలామంది ఉండేది ఇంటి పెంపకానికి చట్టమే ఒప్పుకున్న చోట్ల. కెనడాలో 2018 అక్టోబర్ 17 నుంచి చాలా ప్రావిన్సుల్లో ఇంటికి 4 మొక్కల దాకా పెంచుకోవచ్చు. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవాళ్లకు తలా 3 మొక్కలకు అనుమతి ఉంది. అక్కడ అది హాబీ. అదే పాఠాన్ని నూజివీడు పక్కన చాట్రాయిలో కూర్చుని ఓ కుర్రాడు అమల్లో పెడితే? అక్కడ 4 మొక్కల సరదా.. ఇక్కడ 10 ఏళ్ల కేసు.

మణికొండ ఫ్లాట్‌లో ఏం జరిగింది?

ఇది ఊహించి చెబుతున్న ముచ్చట కాదు. 2017 సెప్టెంబర్‌లో హైదరాబాద్ మణికొండలో ఓ అద్దె ఫ్లాట్‌లోకి వెళ్లిన పోలీసులు అవాక్కయ్యారు. గదిలో దాదాపు 40 పూలకుండీలు, వాటి నిండా గంజాయి మొక్కలు. పైన ఎల్ఈడీ లైట్లు, పక్కన ఫ్యాన్లు, కూలర్లు. పెంపకం నేర్చుకుంది ఇంటర్నెట్ వీడియోల్లో. అప్పట్లో అదో వింత కేసు. ఇప్పుడు వింత కాదు.

ఎందుకంటే మార్కెట్ మారింది. మట్టి లేకుండా నీళ్లలో పోషకాలు కలిపి, దీపాల కింద పెంచే సరుకుకు ‘హైడ్రోపోనిక్ గంజాయి’ అని పేరు. మత్తునిచ్చే టీహెచ్‌సీ ఎక్కువగా ఉండేలా పెంచుతారు. 2022 జూన్‌లో థాయ్‌లాండ్ గంజాయిని మత్తుపదార్థాల జాబితా నుంచి తీసేశాక బ్యాంకాక్ సరుకు మన ఎయిర్‌పోర్టుల్లో తరచూ పట్టుబడటం మొదలైంది. 2025లో ఆ దేశమే మళ్లీ పగ్గాలు బిగించి, డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలంది. అయినా దారి మూసుకుపోలేదు. అదే ఏడాది శంషాబాద్‌లో ఒక్క ప్రయాణికురాలి బ్యాగుల్లోనే 40 కేజీలు దొరికింది. అధికారులు కట్టిన విలువ కేజీకి లక్షల్లో ఉంది. ఏజెన్సీ ఎండు గంజాయి రేటు వేలల్లోనే. ఈ తేడా చూసే కొందరికి ‘మనమే గదిలో పెంచితే పోలా?’ అనే ఆశ పుడుతోంది.

పీహెచ్ మీటరే సాక్ష్యం

నీళ్ల పీహెచ్ గురించి ఆ పాఠాలు అంతగా ఎందుకు చెబుతాయి? చాట్రాయి మామిడి రైతుకు దీన్ని విప్పి చెప్పక్కర్లేదు. బోరు నీళ్లలో తేడా ఉంటే మట్టి కొంత సర్దుకుంటుంది. భూసార పరీక్ష చేయించి, ఎరువు మార్చి మిగతాది రైతు సర్దుతాడు. మట్టే లేని చోట ఆ సర్దుబాటు ఉండదు. నీళ్లలో పులుపు, ఉప్పదనం అటూ ఇటూ అయితే పోషకం వేరుకు అందదు. లైటు సంగతీ అంతే.. గదిలో సూర్యుడు ఉండడు కాబట్టి సూర్యుణ్ని కరెంటుతో కొనుక్కోవాలి. మే నెలలో ఎండ మాడ్చేసే నూజివీడు ప్రాంతంలో కిటికీలు మూసుకుని, ఎండను కరెంటు బిల్లు కట్టి కొనుక్కోవడం కన్నా విడ్డూరం ఉండదు!

అసలు చిక్కు వేరే ఉంది. పొలం గట్టున మొక్క దొరికితే ‘దానంతటదే మొలిచింది, మేం చూళ్లేదు’ అనే వాదనకు కాస్తయినా చోటు ఉంటుంది. గదిలో మొక్కకు ఆ చోటు ఉండదు. లైటు కొన్నారు, టైమర్ పెట్టారు, పీహెచ్ మీటర్ తెప్పించారు. అంటే తెలిసే పెంచారు. ఏ సామాను కొంటే పంట బాగా వస్తుందని పాఠం చెబుతుందో, ఆ సామానే కోర్టులో ఉద్దేశానికి రుజువుగా నిలబడుతుంది. ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 35 ప్రకారం నిందితుడికి ఆ ఉద్దేశం ఉన్నట్టే కోర్టు ముందుగా భావిస్తుంది. లేదని నిరూపించుకోవాల్సింది నిందితుడే. తాను సాగు చేసిన నేలలో పెరిగే గంజాయి మొక్కల విషయంలో సెక్షన్ 54 కూడా ఇలాగే బరువును అతని మీదే పెడుతుంది.

‘కేజీ లోపేగా’ అంటే కుదరదు

జనంలో గట్టిగా నాటుకుపోయిన అపోహ ఇది. గంజాయి కేజీ లోపు ఉంటే చిన్న కేసే అంటారు. దగ్గర ఉంచుకున్న కేసులో అది నిజమే. 1 కేజీ దాకా చట్టం దృష్టిలో ‘చిన్న పరిమాణం’, శిక్ష ఏడాది వరకు జైలు లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కేజీలకు పైన అయితే ‘వాణిజ్య పరిమాణం’, శిక్ష 10 నుంచి 20 ఏళ్లు. ఈ మెట్లన్నీ సెక్షన్ 20(బీ)లోవి.

పెంపకం కేసు పడేది 20(ఏ) కింద. అక్కడ మెట్లే లేవు. గంజాయి మొక్కను సాగు చేస్తే 10 ఏళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఒక మొక్కా, వంద మొక్కలా అన్న లెక్క ఆ సెక్షన్‌లో లేదు. పొలమా, కుండీయా అనీ లేదు. కనీస శిక్ష లేదు కాబట్టి ఎంత వేయాలన్నది జడ్జి చూస్తారు. నాలుగు మొక్కలకు నలభై మొక్కలంత శిక్ష పడాలనేం లేదు. కానీ కేసు మాత్రం ఆ పదేళ్ల సెక్షన్ కిందే నడుస్తుంది.

ఇంకో మెలిక. చట్టంలో ‘గంజాయి’ అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలే. వాటితో కలిసి లేని ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. అందుకే పట్టుకున్న సరుకును వేళ్లతో సహా తూకం వేశారంటూ లాయర్లు కోర్టుల్లో వాదిస్తుంటారు. మామిడి రైతుకు పూతకూ ఆకుకూ తేడా బాగానే తెలుసు. అయితే 20(ఏ) పూత వచ్చిందా లేదా అని చూడదు. మొక్క గంజాయి జాతిదైతే చాలు.

మత్తుకు అలవాటు పడినవాళ్ల కోసం చట్టంలో సెక్షన్ 64ఏ అనే తలుపు ఒకటి ఉంది. వాడకం కేసుల్లో, చిన్న పరిమాణం కేసుల్లో చిక్కినవాళ్లు తమంతట తాము చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి బయటపడొచ్చు. ‘బయట కొనడం ప్రమాదం, ఇంట్లో నాకోసం నేను పెంచుకుంటా’ అనుకునేవాడు తెలియకుండానే ఈ తలుపుకు దూరంగా జరిగిపోతాడు. కొని తాగినవాడికి తేలిగ్గా అందే దారి పెంచుకున్నవాడికి అలా అందదు. చట్టం ఇలా ఉండటం సబబేనా అనేది చర్చించాల్సిన విషయమే. చర్చ తేలేదాకా అమల్లో ఉండేది మాత్రం ఇదే.

తోట యజమానికీ తిప్పలే

2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లాలోకి వచ్చిన చాట్రాయి, నూజివీడు మండలాల్లో మామిడి తోటల్ని పూత మీదే వ్యాపారులకు అప్పగించడం పాత పద్ధతి. యజమాని విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు. తోటలో మోటారు షెడ్డు, కాపలా గది ఉంటాయి. లోపల ఏం జరుగుతోందో కాయ కోతకొచ్చేదాకా చూసేవాళ్లు ఉండరు. తన ఇల్లు, గది, స్థలం నేరానికి వాడుతున్నారని తెలిసీ ఊరుకుంటే సెక్షన్ 25 కింద యజమానికీ అదే శిక్ష. తన నేలలో గంజాయి మొక్క ఉందని తెలిస్తే వెంటనే చెప్పడం సెక్షన్ 46 ప్రకారం భూమి గలవాడి బాధ్యత. సెక్షన్ 47 సర్పంచినీ, పంచాయతీ సభ్యుల్నీ, గ్రామ అధికారుల్నీ కూడా ఇందులోకి లాగుతుంది. చాలామంది సర్పంచులకు ఈ సంగతే తెలియదంటే ఆశ్చర్యం లేదు. ఇంట్లో అబ్బాయి గదిలో రాత్రంతా వెలిగే లైటు చూసి ‘ఏదో ప్రాజెక్టులే’ అని సర్దుకునే తల్లిదండ్రులకూ ఇది వర్తించేదే. తెలిసి ఊరుకున్నారా, తెలియకా అన్న దగ్గరే వాళ్ల కేసు నిలబడేదీ, పోయేదీ.

మరి ఉత్తరాఖండ్‌లో పండిస్తున్నారుగా అని అడిగేవాళ్లు ఉంటారు. అది నారకూ గింజకూ సెక్షన్ 14 కింద లైసెన్సుతో సాగే జనపనార తరహా పంట, టీహెచ్‌సీ 0.3 శాతం దాటకూడదు. హిమాచల్ ప్రదేశ్ కూడా 2025 జనవరిలో పైలట్ స్టడీకి ఓకే చెప్పింది. రెండింటిలోనూ మత్తు కోసం ఇంట్లో కుండీ పెట్టుకునే వీలు లేదు.

ఏపీలో గాలి ఎటు వీస్తోందో కూడా చూడాలి. 2021 అక్టోబర్ చివర్లో ‘ఆపరేషన్ పరివర్తన’తో ఏజెన్సీ తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కేజీల గంజాయిని ఒక్కచోటే తగలబెట్టారు. 2024 నవంబర్‌లో ‘ఈగల్’ పేరుతో ప్రత్యేక విభాగమే వచ్చింది. కొండ మీద తోటను డ్రోన్ పట్టేస్తుంది, గదిలో కుండీ డ్రోన్‌కు కనపడదు. అక్కడ పోలీసులకు దిక్కు పక్కింటివాళ్లు చెప్పే కబురే. ఆ కబురు చెప్పడానికి ఏపీలో ఈగల్ టోల్‌ఫ్రీ నంబర్ 1972, దేశవ్యాప్తంగా అయితే ‘మానస్’ హెల్ప్‌లైన్ 1933. అలవాటు నుంచి బయటపడాలనుకునేవాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ సలహా కోసం 1933కే ఫోన్ చేయొచ్చు.