దారి లేని ఇల్లు

పిల్లలూ! మా మేనల్లుడు ఒకడు ఆరునెలల పాటు వాళ్ళ ఊరి చెరువుకు వచ్చే పిట్టలను చూసి, నోటుపుస్తకంలో బొమ్మలు వేసి, పక్కన ముత్యాల వంటి అక్షరాలతో వివరాలు రాశాడు. ఆ పుటలను ఫోటోలు తీసి, వాళ్ళ నాన్న సాయంతో ఇంటర్నెట్‌లో ఒక వెబ్‌సైటు పెట్టాడు. నెల గడిచింది. చూసినవాళ్ళు ముగ్గురే: అమ్మ, నాన్న, నేను!

"ఎవరూ చూడనిది ఎందుకు మామయ్యా? తీసేస్తాను," అన్నాడు వాడు మొహం వేలాడేసుకుని.

"తొందరపడకు. ముందు నీ ఇంటికి దారి ఉన్నదేమో చూద్దాం," అన్నాను.

వెబ్ అనేదాన్ని 1989లో ఊహించినవాడు టిమ్ బెర్నర్స్-లీ. జెనీవా నగరం దగ్గర సెర్న్ అనే పరిశోధనాలయంలో ఆయన పనిచేసేవాడు. మొదట్లో సైట్లు బహు కొద్ది గనక, ఎక్కడ ఏమున్నదో ఆయనే జాబితా రాసి పెట్టేవాడు. 1994లో జెరీ యాంగ్, డేవిడ్ ఫైలో అనే విద్యార్థులు కూడా చేతితోనే జాబితా మొదలుపెట్టారు. అదే యాహూ అయింది. కాని సైట్లు పుట్టగొడుగుల్లా పెరిగితే మనిషి చెయ్యి ఎంతకని రాస్తుంది? ఆ పని యంత్రాలకు అప్పగించారు.

యంత్రం ఒక పేజీ చదువుతుంది. అందులో ఇతర పేజీలకు లింకులు ఉంటే, సాలెపురుగు దారం పట్టుకు పోయినట్టు వాటి వెంట పోతుంది. ఏ మాట ఏ పేజీలో ఉన్నదో రాసి పెట్టుకుంటుంది. మీరు ప్రశ్న అడిగినప్పుడు అది లోకమంతా పరుగెత్తదు సుమా! తాను రాసుకున్న పట్టీలోనే చూస్తుంది.

మరి ఏ పేజీని ముందు చూపాలి? ఫలానా వైద్యుడు మంచివాడని పదిమంది చెబితే మనం నమ్ముతాం. చెప్పినవాళ్ళలో మరొక పేరుపొందిన వైద్యుడు ఉంటే, ఇంకా నమ్ముతాం. 1998లో గూగుల్‌ను స్థాపించిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌లు లింకులను ఇట్లాగే లెక్కకట్టారు. ఇప్పుడు ఇంకా చాలా సంగతులు చూస్తారనుకోండి.

మావాడి సైటుకు ఎక్కడినుంచీ ఒక్క లింకు లేదు. పొలం నడుమ కట్టిన ఇల్లన్నమాట! పైగా దాని పేరు "నా పేజీ". పిట్టలు కావలసినవాడు "నా పేజీ" అని వెతుకుతాడా? అన్నిటికన్నా పెద్ద చిక్కు మరొకటి. యంత్రానికి ప్రతి అక్షరమూ ఒక సంఖ్య. 1991లో వచ్చిన యూనికోడ్ పట్టికలో మన "అ" సంఖ్య 3077. ఫోటోలో ఆ సంఖ్యలు ఉండవు, ఉత్త రంగు చుక్కలే. ఫోటోలోని అక్షరాలను పోల్చే యంత్రాలు ఇప్పుడు లేకపోలేదు గాని, చేతిరాత విషయంలో వాటిని నమ్ముకోరాదు.

వాడు గొణుక్కుంటూనే రెండు వారాలు కూచుని వివరాలన్నీ తెలుగులో టైపు చేశాడు. బొమ్మలు మాత్రం అట్లాగే ఉంచాడు. పేరు "మా చెరువులో పిట్టలు: నీటికాకి, లకుముకి, బుడుబుంగ" అని మార్చాడు. వాళ్ళ సైన్సు మాస్టారు తన సైటులో ఒక లింకు ఇచ్చారు. కొత్త పేజీ వచ్చిందని గూగుల్‌కు మనమే చెప్పుకునే ఏర్పాటు ఉన్నది, దాన్ని వాళ్ళ నాన్న చూసుకున్నాడు. ఇంటి చిరునామా, ఫోను నెంబరు పెట్టకుండా చూసినదీ ఆయనే. తల్లిదండ్రులు ఈ మాట గమనించాలి.

నడుమ మావాడికి ఒక దొంగ ఉపాయం తోచింది. తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలతో "పిట్ట, పిట్ట" అని వందసార్లు రాస్తాడట! ఈ ఎత్తు పాతదే. యంత్రాలు ఎప్పుడో కనిపెట్టాయి, అట్లాంటి పేజీలను వెనక్కి తోసేస్తాయి కూడా. చెవి మెలిపెట్టి మాన్పించాను.

కొన్ని వారాలకు వాళ్ళ నాన్నకు ఒక మెయిలు వచ్చింది. ఎవరో పెద్దాయన రాశాడు: "బాబూ, బొమ్మలు బాగున్నవి. కాని నీటికాకి ముక్కు కొన కిందికి వంకీ తిరిగి ఉంటుంది. నువ్వు తిన్నగా వేశావు. మళ్ళీ ఒకసారి చూడు."

మావాడు అన్నం మధ్యలో లేచి, నోటుపుస్తకం చంకన పెట్టుకుని చెరువుకు పరుగెత్తాడు.