ఆహార భద్రతా కమిషనర్ గారికి బహిరంగ లేఖ

తెలంగాణ ఆహార భద్రతా కమిషనర్ గారికి,

మా పిల్లల జూనియర్ కాలేజీ పక్కన కిరాణా కొట్టుంది. ఫ్రిజ్ తెరిస్తే ముందు అరలో ఎనర్జీ డ్రింకులే. వీటిలో లీటరుకు 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చు. పిల్లలకు తగదన్న హెచ్చరిక డబ్బా మీద చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. పరీక్షలప్పుడు నిద్ర ఆపుకోవడానికి పిల్లలు ఇవే తాగుతున్నారు. వాళ్లకు కావలసిందే ఆ నిద్ర!

పోలండ్ 2024 నుంచి 18 ఏళ్లలోపు వారికి వీటిని అమ్మనివ్వడం లేదు. మన దగ్గరా ఆ కట్టడి రావాలి, మీరు ప్రభుత్వానికి సిఫారసు చేయండి. కాలేజీ క్యాంటీన్లలో ఉప్పేసిన సల్ల, నిమ్మరసం, కొబ్బరినీళ్లు చవకగా దొరికేలా చూడండి. ఇంటర్ పరీక్షలలోపే కాలేజీల పక్కనున్న కొట్లలో తనిఖీలు మొదలుపెట్టించండి.

ఇట్లు,
ఒక ఇంటర్ విద్యార్థి తల్లి