ప్రవేశ పుస్తకం

విశాఖపట్నం నుండి తుని వైపు సాగే జాతీయ రహదారి మీద నక్కపల్లి ఒక చిన్న పట్టణం. సమీపంలో ఉపమాక వేంకటేశ్వరస్వామి క్షేత్రం, కొద్ది దూరంలో సముద్రం, చుట్టూ వ్యవసాయాన్నీ చేపల వేటనూ నమ్ముకున్న గ్రామాలు. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్ 4 నుండి అనకాపల్లి జిల్లాలో భాగమైంది. ఇటువంటి ఊళ్లలో ఉన్నత పాఠశాలను గురించి ఏటా వేసవిలో ఒకే ప్రశ్న వినిపిస్తుంది: “ఈసారి పదవ తరగతి ఉత్తీర్ణత ఎంత శాతం?” ప్రశ్న తప్పు కాదు, అయితే అది చాలదు.

బడి పేరుకు ముందుండే ‘జిల్లా పరిషత్’ అన్న రెండు మాటలను సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. చరిత్ర అక్కడే మొదలవుతుంది. స్థానిక స్వపరిపాలనను గురించి రిప్పన్ ప్రభువు 1882లో తీర్మానం వెలువరించాడు. మద్రాసు రాజధానిలో 1884 నాటి చట్టంతో జిల్లా బోర్డులు రూపుదిద్దుకున్నాయి. రోడ్లు, వైద్యశాలలు, బడులు వాటి బాధ్యతలు. రైతు శిస్తుతో పాటు చెల్లించిన సెస్సు వాటికి ముఖ్యమైన ఆదాయం. 1959 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థ ప్రారంభమైంది. జిల్లా బోర్డుల స్థానంలో జిల్లా పరిషత్తులు వచ్చి, వాటి ఉన్నత పాఠశాలల బాధ్యతను స్వీకరించాయి. ఆ తరువాత ఫారాలు పోయి తరగతులు వచ్చాయి. 1969-70 నుండి పదవ తరగతికి పైన రెండేళ్ల ఇంటర్మీడియట్ ఏర్పడింది. ఇంతకూ గమనించవలసినదేమంటే, దుక్కి దున్నినవాని సొమ్ముతో బడులు నిలిచాయి గాని, వాని బిడ్డ ఆ గడప తొక్కడానికి మాత్రం తరాలు పట్టింది.

ఎంత కాలం పట్టిందో తెలుసుకోవాలంటే ప్రధానోపాధ్యాయుని గదిలోని బీరువా తెరవాలి. ప్రవేశ పుస్తకం, అంటే వాడుకలో అడ్మిషన్ రిజిస్టరు, అందులో ఉంటుంది. విద్యార్థి పేరు, తండ్రి పేరు, స్వగ్రామం, పుట్టిన తేదీ, చేరిన తేదీ, విడిచిన తేదీ: ఒక్కొక్కదానికి ఒక్కొక్క గడి. పుట్టిన తేదీల విషయంలో దానిని పూర్తిగా నమ్మరాదు. జనన నమోదు అంతగా లేని రోజులలో ఉపాధ్యాయులు బడిలో చేర్చుకోవడానికి అనువైన తేదీ ఏదో ఒకటి వేసేవారు. అందుచేత పాత పుస్తకాలను బట్టి చూస్తే ఊరిలో చాలామంది జూన్, జూలై మాసాలలోనే పుట్టినట్లు తోస్తుంది! తక్కిన గడులు మాత్రం విలువైనవి. ఏ పేట నుండి మొదటి పిల్లవాడు ఎప్పుడు వచ్చాడు, ఆడపిల్లల పేర్లు ఏ పుటలో కనిపించడం మొదలయింది, ఏ ఇంటిలో తండ్రి తరువాత కొడుకు, కొడుకు తరువాత మనుమరాలు చేరారు, ఇవన్నీ ఆ నల్లని గీతల మధ్య ఉంటాయి. ఊరి చరిత్రను ఇంత నిష్పక్షపాతంగా రాసిన గ్రంథం మరొకటి దొరకదు.

అందులో అన్నిటికంటే చదవదగినది చివరి గడి: ‘బడి విడిచిన కారణం’. చాలాచోట్ల అది ఖాళీగా ఉంటుంది. కొన్నిచోట్ల ‘దీర్ఘకాలం గైర్హాజరు’ అన్న మాటతో సరిపెడతారు.

ఉత్తీర్ణత శాతంలోని లోపం ఇక్కడే బయటపడుతుంది. ఆరవ తరగతిలో నూరుగురు చేరి, పదవ తరగతి పరీక్షకు అరవైమంది మిగిలి, ఆ అరవైమందీ ఉత్తీర్ణులయ్యారనుకుందాం. బడికి నూరు శాతం ఫలితం వచ్చినట్లే. తక్కిన నలభైమంది ఏ లెక్కలోనూ లేరు. వారిలో కొందరు మరొక బడికి మారి ఉండవచ్చు. కొందరు వలస వెళ్లిన తల్లిదండ్రుల వెంట పోయి ఉండవచ్చు. అందుకు ఉపాధ్యాయులను తప్పు పట్టడం న్యాయం కాదు. అయితే ఎవరు ఎందుకు వెళ్లారో రాసి ఉంచితేనే ఆ న్యాయాన్యాయాలు తేలుతాయి.

కారణాలలో పేదరికాన్ని అందరూ చెబుతారు. పాఠం అర్థం కాకపోవడాన్ని చెప్పేవారు తక్కువ. ఆ సంగతిని మొదట చర్చకు తెచ్చింది విశాఖపట్నం ప్రాంతమే. 1906 ప్రాంతంలో ఇక్కడ పాఠశాలల తనిఖీ అధికారిగా ఉన్న యేట్స్ దొర, జనం మాట్లాడే తెలుగుకూ బడిలో నేర్పే తెలుగుకూ అంత తేడా ఎందుకని అడిగాడు. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు ఆ ప్రశ్నను విడిచిపెట్టలేదు. వ్యావహారిక భాషోద్యమానికి అది బీజమైంది. నేడు అదే ప్రశ్న ఆంగ్ల మాధ్యమం రూపంలో తిరిగి వచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం, వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలని చెబుతున్నది. తల్లిదండ్రులు ఆంగ్లం కోరుతున్నారు. వారి కోరికలో న్యాయం లేకపోలేదు. కాని పాఠం అందని పిల్లవాడు మొదట చివరి బల్లకు జరుగుతాడు; ఆ తరువాత బడి బయటికి జరుగుతాడు.

నక్కపల్లి వంటి ఊరికి ఇది ఇప్పుడు మరింత ముఖ్యమైన విషయం. ఇక్కడ నెలకొల్పదలచిన బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. మందులకు కావలసిన మూలపదార్థాలను తయారుచేసే కర్మాగారాలకు రసాయనశాస్త్రం తెలిసినవారు కావాలి. భూములిచ్చిన ఇళ్ల పిల్లలు ఆ ప్రయోగశాలలలో పనిచేస్తారా, గేటు వద్ద కాపలా కాస్తారా అన్నది చాలావరకు ఎనిమిది, తొమ్మిది తరగతులలోనే తేలిపోతుంది. బడిలోని పరీక్షనాళికలు బీరువాలో ఉంటున్నాయా, పిల్లల చేతికి వస్తున్నాయా అని అడగవలసిన సమయమిది.

విద్యాహక్కు చట్టం తల్లిదండ్రులకు పాఠశాల యాజమాన్య కమిటీలలో స్థానం కల్పించింది. ఉన్నత పాఠశాలలోనూ తల్లిదండ్రులు ప్రవేశ పుస్తకంలోని లెక్కను అడగవచ్చు. ఇంటర్మీడియట్‌కు వచ్చిన పూర్వవిద్యార్థులు సెలవులలో కూర్చొని, పాత పుటలు చెదలపాలు కాకముందే నకలు తీసిపెట్టవచ్చు. ఫలితాలు వచ్చిన రోజున ఉత్తీర్ణుల సంఖ్య పక్కనే, వారితో పాటు ఆరవ తరగతిలో చేరినవారి సంఖ్యను కూడా బడి ముందరి నల్లబల్ల మీద రాయవచ్చు. అందుకు ప్రభుత్వ ఉత్తర్వుతో గాని ప్రత్యేక నిధులతో గాని పనిలేదు.