సెమినార్ హాలు మన బడికి దూరం కాదు

హోసూరు తెలుగు బడుల నుంచి బెంగళూరు 40 కిలోమీటర్లే. అక్కడ భారతీయ విజ్ఞాన సంస్థ ఉంది, జీవశాస్త్ర పరిశోధనకే అంకితమైన ఎన్‌సీబీఎస్ ఉంది. తరతరాలుగా తెలుగువారున్న బరంపురంలో విశ్వవిద్యాలయానికి తోడు 2016లో ఐసర్ వచ్చింది. ఇలాంటి చోట్ల జీవశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం మీద తరచూ సెమినార్లు జరుగుతుంటాయి. ఒక పరిశోధకుడో పరిశోధకురాలో వచ్చి, ఇప్పుడు చేస్తున్న పని గురించి గంటసేపు చెబుతారు. చివర్లో ప్రశ్నలుంటాయి. ఆ హాలు వెనక వరుసలో మన తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఎందుకు కూర్చోకూడదు?

పాఠ్యపుస్తకం చాలదా అని అడగవచ్చు. పుస్తకం తేలిన సంగతులు చెబుతుంది, సెమినార్ ఇంకా తేలని వాటిని ముందుపెడుతుంది. జీవులను ఐదు రాజ్యాలుగా విభజించడం మన పిల్లలు చదువుతారు. అది 1969లో విట్టేకర్ చేసిన విభజన. 1977లోనే కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోజోముల ఆర్‌ఎన్‌ఏను పోల్చి చూసి, బాక్టీరియాలా కనిపించే కొన్ని జీవులు అసలు వేరే వంశమని చూపారు. వాటినే ఇప్పుడు ఆర్కియా అంటున్నాం. శాస్త్రం ఇలా తనను తాను దిద్దుకుంటుందని పిల్లలకు తెలియాలంటే, దిద్దుబాటు జరిగే చోటికి వాళ్లు వెళ్లాలి.

ఇంకో ఉదాహరణ. 1987లో జపాన్ పరిశోధకులు ఇ. కోలై బాక్టీరియా డీఎన్‌ఏలో మళ్లీ మళ్లీ వచ్చే ఒక వరుసను గమనించారు. అది ఎందుకుందో తెలియదని తమ వ్యాసంలోనే రాశారు. వైరస్‌ల నుంచి కాపాడుకోవడానికి బాక్టీరియా దాచుకున్న గుర్తులు అందులో ఉన్నాయని తరవాత తేలింది. ఆ దారినే జన్యువులను కత్తిరించే క్రిస్పర్ పద్ధతి పుట్టింది. దానికి 2020లో నోబెల్ వచ్చింది. 2023లో సికిల్ సెల్ జబ్బుకు ఆ పద్ధతితో తయారైన చికిత్సకు బ్రిటన్, అమెరికా అనుమతినిచ్చాయి. ఇదంతా ‘తెలియదు’ అన్న ఒక్క మాటతో మొదలైంది. పెద్ద చదువులు చదివినవాళ్లు నలుగురి ముందు ఆ మాట అనడం మన పిల్లలు ఒక్కసారైనా వినాలి.

అక్కడ మాట్లాడేది ఇంగ్లీషు, మనవాళ్లకేం అర్థమవుతుందన్నది అసలు అభ్యంతరం. నిజమే, అంతా అర్థం కాదు. వేరే విభాగం నుంచి వచ్చిన ఎమ్మెస్సీ విద్యార్థికీ అంతా అర్థం కాదు. అయితే ఈ భయమే మన బడులను ఖాళీ చేస్తోంది. సైన్సు చదవాలంటే తెలుగు బడి మానాల్సిందేనన్న మాట మన ఇళ్లలో వినబడుతూనే ఉంది. రాజ్యాంగంలోని 350ఎ అధికరణ మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయమన్నది ప్రాథమిక దశ వరకే. ఆ పైన దారి మనమే వేసుకోవాలి.

అందుకు పెద్ద ఖర్చేమీ లేదు. వెళ్లే ముందు రోజు సైన్సు ఉపాధ్యాయులు సెమినార్ అంశాన్ని, అందులో వచ్చే పది మాటలను తెలుగులో వివరించాలి. కణం, జన్యువు, బాక్టీరియా, ఎంజైమ్ మన పిల్లలకు కొత్తవి కావు. తిరిగొచ్చాక ప్రతి ఒక్కరూ తెలుగులో ఒక పేజీ రాయాలి: విన్నదేమిటి, అర్థం కానిదేమిటి, అడగాలనుకున్నదేమిటి.

విశ్వవిద్యాలయాలను మనం కోరేదీ చిన్నదే. ఏడాదికి మూడు నాలుగు సెమినార్ల తరవాత అరగంట కేటాయించి, తెలుగు వచ్చిన పరిశోధక విద్యార్థులతో మన పిల్లలకు మాట్లాడించాలి. అదే ఊళ్లోని ఉర్దూ, తమిళ, కన్నడ బడుల పిల్లలకూ వాళ్ల భాషలో ఆ అరగంట దక్కాలి. ప్రజల పన్నులతో నడిచే సంస్థలకు ఇది బరువు కాదు.

ఎవరో పిలుస్తారని ఎదురుచూడడం మానుదాం. ప్రతి బడి యాజమాన్య కమిటీ తనకు దగ్గరలోని జీవశాస్త్ర విభాగాధిపతికి ఈ విద్యా సంవత్సరంలోనే ఒక ఉత్తరం రాయాలి. వెనక వరుసలో ఇరవై కుర్చీలు అడిగితే చాలు.