ప్రాణమా, పైసలా.. అసలు ఆ తక్కెడ ఎవరిది?

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఒక జబ్బుంది. ఏ సమస్య కనబడినా అందులో ట్రేడాఫ్ వెతికేస్తాం. కరోనా లాక్‌డౌన్ మీద ఆఫీసు కాంటీన్లలో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఇన్నేళ్ళ తరవాత కూడా అదే వాదన. ఒకడు "మూసెయ్యకపోతే జనం పిట్టల్లా రాలిపోయేవాళ్ళు" అంటాడు. ఇంకొకడు "మూసేసి ఎకానమీని చంపేశారు" అంటాడు. ఇద్దరూ కలిసి ఒకే స్లైడర్ని చెరో చివరా పట్టుకుని లాగుతుంటారు. అసలు అలాంటి స్లైడరే లేదని నా గొడవ.

స్వీడన్ సంగతే చూడండి. 2020లో పక్క దేశాలు మూసుకున్నట్టు అది మూసుకోలేదు. మరి ఆర్థికం బతికి బట్టకట్టిందా? ఆ ఏడాది దాని జీడీపీ కూడా తగ్గింది, ఇంచుమించు డెన్మార్క్‌కి తగ్గినంత. జనాభా లెక్కన చావులు మాత్రం డెన్మార్క్, నార్వేల కన్నా చాలా రెట్లు ఎక్కువ. అమెరికాలో ఆస్టన్ గూల్స్‌బీ, చాడ్ సైవర్సన్ అనే ఆర్థికవేత్తలు ఫోన్ల లొకేషన్ డేటా పట్టుకుని లెక్కేశారు. దుకాణాలకి వచ్చే జనం 60 శాతం తగ్గితే, అందులో ప్రభుత్వ ఆంక్షల వల్ల తగ్గింది కేవలం 7 పాయింట్లట! మిగతాదంతా భయం. అంటే జబ్బు ఊళ్ళో ఉన్నంతసేపూ షట్టర్ తెరిచినా గిరాకీ రాదు.

ఇక మన దగ్గరికొద్దాం. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకి ప్రకటన, అర్ధరాత్రి నుంచి తాళం. నాలుగే గంటలు! మనం ప్రొడక్షన్‌లో చిన్న ప్యాచ్ వెయ్యాలన్నా ఇంతకన్నా ముందు నోటీసిస్తాం. మే 31 దాకా సాగింది. తొలి అంచనాల ప్రకారం ఏప్రిల్-జూన్‌లో జీడీపీ 23.9 శాతం పడిపోయింది. అదే 2020-21లో తెలంగాణ ఐటీ ఎగుమతులు 1,28,807 కోట్ల నుంచి 1,45,522 కోట్లకి పెరిగాయి. ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నాం, జీతం పడింది. అందుకే స్లైడర్ ఎటు లాగాలో అంత తీరిగ్గా మాట్లాడగలుగుతున్నాం.

మన గచ్చిబౌలికి కూతవేటు దూరంలో లింగంపల్లి స్టేషనుంది కదా. దేశంలో మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది అక్కణ్ణుంచే, 2020 మే 1 తెల్లవారుజామున, జార్ఖండ్‌లోని హటియాకి. అందులో దాదాపు 1200 మంది కూలీలు. ఎలా వచ్చిందా రైలు? అంతకు రెండురోజుల ముందు కంది దగ్గర ఐఐటీ భవనాలు కడుతున్న కూలీలు కూలి డబ్బులివ్వండి, ఇళ్ళకి పంపండి అని గొడవకి దిగితే వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం వలస కూలీలకి తలా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. పోనీ, ఏమీ ఇవ్వకపోవడం కన్నా నయమే. కానీ నెలరోజులకి పంచితే రోజుకి 17 రూపాయలు! దాంతో ఇంట్లో కూర్చోమంటే ఎవడు కూర్చుంటాడండీ? ములుగు జిల్లా మిరప తోటల్లో పనికొచ్చిన పన్నెండేళ్ళ పిల్ల ఛత్తీస్‌గఢ్‌లోని సొంతూరికి నడుస్తూ దారిలోనే చనిపోయింది. ఈ చావుని ఏ కాలమ్‌లో వేస్తారు? ఆరోగ్యం కిందా, ఆర్థికం కిందా?

2021లో తక్కెడ రెండోవైపు మొగ్గింది. లాక్‌డౌన్ చివరి అస్త్రం మాత్రమే అని ఏప్రిల్ 20న ప్రధాని చెప్పారు. అప్పటికే హరిద్వార్‌లో కుంభమేళా నడుస్తోంది. ఏప్రిల్ 17న తిరుపతిలో, నాగార్జునసాగర్‌లో ఉపఎన్నికలయ్యాయి. ఏప్రిల్ 30న వరంగల్, ఖమ్మం కార్పొరేషన్లకి పోలింగు కూడా పెట్టారు. మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది పోయారు. అటు ఆంధ్రలో కర్ఫ్యూ, ఇటు మే 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్ ఎలాగూ పెట్టాల్సొచ్చింది. పైసలూ దక్కలేదు, ప్రాణాలూ దక్కలేదు.

"డబ్బెక్కడిది, మనదేమన్నా ఇంగ్లండా 80 శాతం జీతం ఇంటికి పంపడానికి?" అని మా టీములో ఒకాయన ఎప్పుడూ అడుగుతుంటాడు. అన్నా, డబ్బు సంగతి తరవాత. 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వ గోడౌన్లలో ఉండాల్సిన దానికి రెండింతల పైనే బియ్యం, గోధుమలు మూలుగుతున్నాయి. రేషన్ కార్డు లేని వలస కూలీకి అందులోంచి ఇస్తామని కేంద్రం చెప్పింది మే 14న! ఎందుకంత ఆలస్యం అంటే వాళ్ళెవరో, ఎక్కడున్నారో లిస్టు లేదు. 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది, కాంట్రాక్టరు పేర్లన్నీ రాసివ్వాలి అని. 2020 సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే ఎంతమంది వలస కూలీలు చనిపోయారో లెక్కల్లేవని కార్మిక శాఖ జవాబిచ్చింది.

2021 ఆగస్టులో ఈ-శ్రమ్ పోర్టల్ పెట్టారు. ఇప్పుడందులో 30 కోట్లకి పైగా పేర్లున్నాయి. డబ్బు పంపడానికి యూపీఐ ఉంది, బ్యాంకు ఖాతాలున్నాయి. ఈసారి జబ్బొస్తే తాళం వేసే ఆర్డరూ, ఆ లిస్టులో ఉన్నవాళ్ళకి డబ్బు పంపే ఆర్డరూ ఒకే రోజు, ఒకే సంతకంతో రావాలి. రెండోది లేకుండా మొదటిది చెల్లదని ఇప్పుడే, జబ్బు లేనప్పుడే, చట్టంలో రాయించుకోవాలి. ఆ మాట అడగని వాడితో ప్రాణమా పైసలా అని వాదించే ఓపిక నాకైతే లేదు.