తల్లిని చూశారా?

కిందటేడు వేసవి సెలవులకు కొత్తకోటలో మా ఆడపడుచుగారింటికి వెళ్ళాను. గేటు తీసి లోపల అడుగు పెట్టానో లేదో, చెప్పుల స్టాండు కిందనుంచి జానెడు పొడవూ బెత్తెడు ఎత్తూ ఉన్నదేదో పాకుతూ నా కాళ్ళ మీదికి వచ్చింది. పందికొక్కనుకుని కెవ్వుమన్నాను.

"పందికొక్కు కాదత్తా! మినియేచర్ డాష్‌హౌండ్. పాతికవేలు!" అన్నాడు మా మేనల్లుడు, దానికి లేని గర్వమంతా తనే పడుతూ.

హైదరాబాదులో ఉద్యోగం చేసే పిల్లవాడు. సెల్‌ఫోనులో బొమ్మ చూశాడట, మనసు పడ్డాడట, ఫోనులోనే డబ్బు పంపాడట. అట్టపెట్టెకు చిల్లులు పెట్టి ఎవరో రాత్రి బస్సులో వేస్తే, తెల్లవారుజామున హైవే మీద దింపుకున్నాడట. పెళ్ళిసంబంధాలు కూడా ఇంత సులువుగా కుదిరితే ఎంత బాగుండును!

మంచం మీద కూర్చున్న వాళ్ళ నాయనమ్మ, ఎనభై ఏళ్ళ మనిషి, ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "దీని తల్లిని జూసినవా బిడ్డా?"

వాడు పకపకా నవ్వాడు. "తల్లినెందుకు చూడాలె నాయనమ్మా? నేనేమన్న పెండ్లి చేసుకుంటున్ననా?"

ఆ నవ్వు విన్నప్పటినుంచీ ఈ నాలుగు ముక్కలూ రాయకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు.

ఆ ముసలమ్మ బడిమొహం చూసినది కాదు. కాని పెబ్బేరు సంత తెలుసు. బర్రెను కొనాలంటే నోరు తెరిచి పళ్ళు చూస్తారు, నాలుగడుగులు నడిపించి చూస్తారు, పొదుగు తడిమి, పక్కన కూర్చుని పాలు పిండి మరీ చూస్తారు. 'తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను' అని సామెత చెప్పుకున్న వాళ్ళం మనం. చదువుకున్న వాళ్ళం అయ్యేసరికి మాత్రం, పన్నెండు పదిహేనేళ్ళు మన ఇంట్లో మనతో కాపురం చేయబోయే ప్రాణిని బొమ్మ చూసి తెప్పించుకుంటున్నాం. చీరయితే అంచు నచ్చలేదని తిప్పి పంపుతాం. దీన్ని ఎవరికి తిప్పి పంపుతాం?

రెండు నెలల పిల్ల అని అమ్మారు. తిండి ముట్టకపోతే మూడోరోజు వనపర్తి తీసుకెళ్ళాం. పశువుల డాక్టరుగారు నోరు తెరిచి పళ్ళు చూసి, "ఐదు వారాలు దాటి ఉండవమ్మా. ఇంకా తల్లి దగ్గర ఉండవలసిన పిల్ల" అన్నారు. ఆ రాత్రికే వాంతులు, నెత్తురు విరేచనాలు. పార్వో అనే జబ్బట. టీకా పడని పిల్లలను రెండు మూడు రోజుల్లో ఎత్తుకుపోతుందట.

ఇక్కడ నా అసలు కోపం మొదలవుతుంది. మేనల్లుడికి సోమవారం డ్యూటీ. వెళ్ళిపోయాడు. అన్నయ్యగారికి నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఇక మిగిలినదెవరు? యాభై దాటి, మోకాళ్ళ నొప్పులతో ఉన్న మా వదిన. పొద్దునా సాయంత్రం సెలైన్ పెట్టించడానికి ఆటోలో వనపర్తి. రాత్రి గంటగంటకూ లేచి గుడ్డలు మార్చడం, బ్లీచింగు నీళ్ళతో నేల కడగడం. హైదరాబాదునుంచి మాత్రం గంటకొకసారి ఫోనులో ఏడుపు మొహం బొమ్మలు వచ్చేవి.

"తెచ్చి పడేసి పాయె" అంది వదిన నాలుగోరోజు రాత్రి, దాని నోట్లో చుక్క చుక్కగా నీళ్ళు పోస్తూ. "నన్నొక్క మాట అడిగిండా? ఇంట్ల ఇంకొక పిల్లను సాకుతవా అమ్మా అని అడగొద్దా?"

మీరే చెప్పండి, ఏ ఇంట్లో అడిగారు? కొనేది ఒకరు, ముద్దు చేసేది ఒకరు, ఫోటోలు తీసేది ఇంకొకరు. ఎత్తిపోసేది మాత్రం ఎప్పుడూ ఒకరే. ఆవిడ పేరు బిల్లు మీద ఉండదు.

ఈ ముచ్చటలకు కూడా కాలాలున్నాయి. నా చిన్నప్పుడు తెల్ల పమేరియన్ ఉంటే పెద్దింటి కింద లెక్క. 2003లో హచ్ కంపెనీ ప్రకటనలో ఒక పిల్లవాడి వెంట పగ్ నడిచింది, ఆ తర్వాత మన కాలనీలనిండా ఊపిరాడని పగ్గులే. ఇప్పుడు డాష్‌హౌండ్ వంతు. 1972 మ్యూనిక్ ఒలింపిక్సుకు రంగురంగుల డాష్‌హౌండే గుర్తుబొమ్మ. బొమ్మగా అది ముచ్చటైనదే, కాదనను. కాని బొమ్మకు వెన్నెముక ఉండదు కదండీ!

ఆ వెన్నెముక సంగతి డాక్టరుగారే విడమరిచి చెప్పారు. జర్మన్ భాషలో డాక్స్ అంటే బాడ్జర్, నేలలో బొరియ తవ్వుకుని బతికే మొండి జంతువు. దాని బొరియలోకి దూరి పోట్లాడడానికి ఈ కుక్కను తయారుచేశారు. కుందేళ్ళ బొరియల్లోకి దూరాలని ఇంకా చిన్నదాన్ని తీశారు. అదే మినియేచర్, పూర్తిగా పెరిగినా ఐదు కిలోలు. పొట్టికాళ్ళు దాని అందం కాదు, మనుషులు ఏరి ఏరి నిలబెట్టిన ఒక లోపం. ఒక జన్యువు అదనపు నకలు వల్ల కాళ్ళ ఎముక ఎదగదని 2009లో పరిశోధకులు పట్టుకున్నారు. అదే జన్యువు మరో అదనపు నకలు వెన్నుపూసల మధ్య మెత్తలను కూడా చిన్నవయసులోనే గట్టిపరుస్తుంది. సోఫా మీదనుంచి ఒక్క దూకు దూకితే చాలు, ఆ మెత్త పక్కకు జరిగి నరాన్ని నొక్కుతుంది. వెనక కాళ్ళు పడిపోతాయి. డాష్‌హౌండ్లలో ఐదింట ఒకటి, నాలుగింట ఒకటి ఎప్పుడో ఒకప్పుడు ఈ బాధ పడతాయట. ఎత్తుకోబోతే కుయ్యిమన్నా, వెనక కాళ్ళు ఈడ్చినా, తెల్లవారాక చూద్దామనుకోకూడదు, ఆ గంటే ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఇప్పుడు మన ఇళ్ళు చూడండి. అద్దంలాంటి గ్రానైటు నేల, డాబా మీదికి నిటారు మెట్లు, హాలులో ఎత్తు సోఫాలు. పాలమూరు ఎండ సంగతి చెప్పనక్కరలేదు. వదిన ఇంట్లో ఇప్పుడు అది తిరిగే దారిపొడుగునా పాత గోనెసంచులు కుట్టి పరిచి ఉంటాయి. మెట్లకు అడ్డంగా చెక్క. ఎత్తుకుంటే ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి పిరుదుల కింద, పసిబిడ్డను ఎత్తినట్టు. మెడకు పట్టా కాదు, ఒంటికి జీను. షికారు పొద్దు పొడవకముందే. చెవుల వెనకా వేళ్ళ సందులా గోమార్లు రోజూ వెతకాలి, వాటితో వచ్చే జ్వరం ప్రాణం తీస్తుంది. మనం తినేదే దానికీ పెడదామా అంటే మన కూరలో ఉల్లిగడ్డ, వెల్లుల్లి, రెండూ దానికి విషమే. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్టూ అంతే. పోనీలే అని పెరుగన్నం గిన్నెల కొద్దీ పెడితే లావెక్కి నడుము మీద బరువు. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆపైన ఏటేటా. ఇవన్నీ చేసేదెవరో మళ్ళీ చెప్పను.

అది సరే, ఆ తల్లి మాటేమిటి? కుక్కలను ఈనించి అమ్మేవాళ్ళకు 2017లో కేంద్ర ప్రభుత్వం నియమాలు పెట్టింది. రాష్ట్ర జంతుసంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పద్దెనిమిది నెలలు రానిదే ఆడకుక్కను కట్టించకూడదు. ఏడాదికి ఒక్క ఈతే, జన్మకు ఐదే, ఎనిమిదేళ్ళు దాటితే అసలే వద్దు. ఈ నియమాలు ఎందుకు పెట్టవలసివచ్చిందో ఆలోచిస్తే నా ఒళ్ళు జలదరించింది. ఎక్కడో ఒక రేకుల గదిలో, బోనులో, ఈనిన పొదుగు ఆరకముందే మళ్ళీ చూలు మోసే తల్లి ఉంటుంది. ఐదో వారానికే దాని పిల్లను లాగి అట్టపెట్టెలో పెడతారు. మగపిల్లవాడు పుట్టేదాకా ఏటేటా పురుళ్ళు పోసుకున్న మన అమ్మమ్మల కథలు విని కన్నీళ్ళు పెట్టుకున్న మనమే, ఈ తల్లి వంక చూడకుండా పాతికవేలు పంపేస్తున్నాం. తల్లిని చూపించండి అని అడిగితే సగంమంది అమ్మకందార్లు ఫోను పెట్టేస్తారు. అదే మనకు కావలసిన జవాబు.

కుక్కే వద్దంటున్నానని కోప్పడకండి. ఎండకూ వానకూ ఓర్చిన మన వీధి పిల్లలున్నాయి, గొర్రెల మందల వెంట తిరిగే కుక్కలున్నాయి. డాష్‌హౌండే కావాలంటారా, సరే. వెళ్ళి తల్లిని చూడండి, ఎనిమిది వారాలు ఆగండి, ముందు ఇంటావిడను అడగండి.

అలా తెచ్చిన ప్రాణిని ఎక్కడ వదులుతున్నామో కూడా చూసుకోవాలి. ఇదే హైవే మీద కొత్తకోటకు పొరుగునే అడ్డాకుల మండలం. అక్కడి పొన్నకల్ గ్రామంలో 2024 ఫిబ్రవరిలో ఒక రాత్రి కారులో వచ్చిన మనుషులు తుపాకులతో దాదాపు ఇరవై వీధికుక్కలను కాల్చి చంపారు. ఆ తర్వాత ముగ్గురిని పట్టుకున్న పోలీసులు చెప్పిన కారణమేమిటో తెలుసా? వాళ్ళలో ఒకరి అత్తవారింట్లో ఉంటున్న డాష్‌హౌండ్‌ను వీధికుక్కలు కరిచి చంపాయట. కేసు సంగతి కోర్టు చూసుకుంటుంది. నాకు మాత్రం అందరూ చెప్పుకునే ఆ ఇరవై కుక్కలతోపాటు ఆ మొదటి చిన్నది కూడా కళ్ళలో మెదులుతుంది. పారిపోదామంటే కాళ్ళు లేవు. ఆ కాళ్ళు తీసేసిందీ మనిషే, దాన్ని ఆ వీధిలోకి తెచ్చిందీ మనిషే. బలయినవి మాత్రం ఆ కుక్కా, ఊరి కుక్కలూ!

మా వదిన కుక్క బతికింది. వదిన వంటింట్లో ఉంటే గడప దగ్గర కాపలా పడుకుంటుంది. మేనల్లుడు పండక్కి వస్తే మొరుగుతుంది, గుర్తుపట్టదు. వాడికి అదో బాధ.

మొన్న పక్కింటావిడకు కూడా అలాంటిదే కావాలని బుద్ధి పుట్టిందట. మేనల్లుడి దగ్గర నంబరు తీసుకుని ఫోను చేస్తుంటే మా వదిన పక్కనే నిలబడి, "ముందుగాల తల్లి ఫోటో పంపుమను" అందట. ఏ కళనున్నాడో, పది నిమిషాల్లో పంపాడు. వదిన నాకూ పంపింది. నల్లని ఒళ్ళు, కళ్ళపైన గోధుమరంగు చుక్కలు, ఎంత బాగుందో! చుట్టూ మోకాటి లోతు మంచు.

హైదరాబాదులో మంచు ఏ పేటలో పడిందో కాస్త కనుక్కోమన్నాను. ఇంకా జవాబు రాలేదు.